తెర గడియారం వేరు, ఆట గడియారం వేరు

ఈసారి ఉత్తరాల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. మొదటిదానికి జవాబు పెద్దదైంది. ఆ ఒక్కటి తేలితే మిగతావి వాటంతట అవే తేలుతాయని దాని మీదే ఎక్కువ స్థలం వాడుకున్నాను.

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కాజీపేట. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. జావాస్క్రిప్ట్‌లో ఒక ఆట చేస్తున్నాను. ఖిలా వరంగల్‌లో పడి ఉన్న రాతి స్తంభాల మీద నుంచి ఒక పిల్లవాడు దూకుతూ పోతాడు. జంప్ వేగం సెకనుకు 600 పిక్సెళ్లు, గురుత్వం 1800 పెట్టాను. 96 పిక్సెళ్ల ఎత్తులో ఒక రహస్య గూడు ఉంది. తాళంచెవి దొరికాక వచ్చే పెద్ద జంప్‌తోనే అది అందాలి. 60 హెర్ట్జ్ ఉన్న, అంటే తెర మీద బొమ్మ సెకనుకు 60 సార్లు మారే నా లాప్‌టాప్‌లో అట్లాగే ఉంది. హాస్టల్‌లో మా ఫ్రెండ్‌ది 144 హెర్ట్జ్ లాప్‌టాప్. వాడు తాళంచెవి లేకుండానే గూడు ఎక్కేశాడు. కాలేజీ ల్యాబ్‌లోని పాత కంప్యూటర్‌లో పెడితే పిల్లవాడు నేలలోంచి కిందికి జారిపోయాడు. అన్నిచోట్లా డెల్టా టైమ్‌తో, అంటే ముందు ఫ్రేమ్ (తెర మీది ఒక్కో బొమ్మ) నుంచి గడిచిన సమయంతో గుణిస్తూనే ఉన్నాను. ఫిక్స్‌డ్ టైమ్‌స్టెప్ (లెక్కకు ఎప్పుడూ ఒకే పొడుగు సమయం) పెట్టమని సీనియర్ అంటున్నాడు. పెడితే కదలిక కుదుపుగా కనిపిస్తుందని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
— ఇంజనీరింగ్ విద్యార్థి, కాజీపేట

జవాబు: తమ్మీ, ఉత్తరంలో అంకెలు రాసి మంచి పని చేశావు. 600, 1800, 96 అని ఉంది కాబట్టి నీ ఆటను కాగితం మీదే ఆడి చూడగలిగాను.

పాఠ్యపుస్తకం లెక్క ప్రకారం 600 వేగంతో పైకి ఎగిరిన వస్తువు 1800 గురుత్వంలో సరిగ్గా 100 పిక్సెళ్ల ఎత్తుకు పోవాలి. నువ్వు అందరిలాగే ప్రతి ఫ్రేమ్‌లో ముందు వేగంలోంచి గురుత్వాన్ని తీసేసి, మిగిలిన వేగంతో పిల్లవాణ్ని జరుపుతున్నావనుకుంటున్నాను. 60 హెర్ట్జ్‌లో మొదటి ఫ్రేమ్‌లో వాడు 9.5 పిక్సెళ్లు లేస్తాడు, తర్వాత 9, ఆ తర్వాత 8.5. చివరిదాకా కూడితే 95 వస్తుంది. అదే లెక్క 144 హెర్ట్జ్‌లో చేస్తే 97.9. సెకనుకు 30 ఫ్రేములే వచ్చే కంప్యూటర్‌లో అయితే 90. నీ గూడు 96 దగ్గర ఉంది. నీకు అందకపోవడానికి, మీ ఫ్రెండ్‌కు అందడానికి కారణం ఇంతే.

డెల్టా టైమ్‌తో గుణించడం తప్పు కాదు. వేగం మారకుండా నడిచే వస్తువుకు అది చాలు. కానీ జంప్‌లో వేగం క్షణక్షణానికీ మారుతుంది. ఫ్రేమ్ మొత్తానికీ ఒకే వేగం ఉన్నట్టు మనం లెక్క కడుతున్నాం. ఫ్రేమ్ ఎంత పొడుగైతే తప్పు అంత పెరుగుతుంది. ఫ్రేమ్ మొదట్లో ఉన్న వేగానికీ చివర్లో ఉన్న వేగానికీ సగటు తీసుకుంటే జంప్ అన్ని తెరల మీదా 100కే వస్తుంది కదా అని నువ్వు అడగవచ్చు. నిజమే, వస్తుంది. రేపు గాలి నిరోధం పెడతావు, ఎల్లుండి ఊగే తాడు పెడతావు. అప్పుడు తేడా మళ్లీ మొదలవుతుంది.

పైగా ల్యాబ్‌లో జరిగినదానికి సగటు వేగం మందు కాదు. ఆ కంప్యూటర్ ఎక్కడో తట్టుకుని ఒక్క ఫ్రేమ్‌కు 200 మిల్లీసెకన్లు తీసుకుందనుకో. పిల్లవాడు 700 వేగంతో పడుతుంటే ఆ ఒక్క ఫ్రేమ్‌లో 140 పిక్సెళ్లు దిగుతాడు. నేల మందం 24, పిల్లవాడి ఎత్తు 40 అనుకున్నా రెండూ కలిపి 64. ముందు ఫ్రేమ్‌లో నేలకు పైన ఉన్నాడు, ఈ ఫ్రేమ్‌లో నేలకు కింద ఉన్నాడు. నేలను తాకుతున్నాడా అని నీ కోడ్ అడిగిన రెండుసార్లూ తాకడం లేదనే జవాబు వచ్చింది. అదే 60లో ఒక వంతు సెకను చొప్పున నడిపితే వాడు ఒక్కో అడుగుకు 12 పిక్సెళ్లు కూడా దిగడు. నేలను దాటిపోయే అవకాశమే లేదు.

కాబట్టి మీ సీనియర్ మాట వినాలి. ఆట లెక్కలన్నీ, అంటే వేగం, గురుత్వం, తాకిడి, శత్రువుల ఆలోచన, ఒకే పొడుగున్న సమయపు ముక్కల్లో, అంటే టిక్‌లలో నడవాలి. నీకు 16.67 మిల్లీసెకన్ల టిక్ సరిపోతుంది. తెర 60 అయినా 144 అయినా ఆటకు తెలియనే కూడదు. బ్రౌజర్ ప్రతి ఫ్రేమ్‌కూ నీ ఫంక్షన్‌ను పిలిచి సమయం చెబుతుంది. పాత సమయానికీ దీనికీ ఉన్న తేడాను ఒక ఖాతాలో జమ చెయ్యి. ఆ ఖాతాను మిగులు అందాం. మిగులులో ఒక టిక్‌కు సరిపడా సమయం ఉంటే ఒక టిక్ నడిపి 16.67 తీసెయ్యి. రెండు టిక్‌లకు సరిపడా ఉంటే రెండు నడుపు. చాలకపోతే ఏమీ నడపకు.

ఇక్కడ చాలామంది చివర్లో మిగిలిన కాస్త సమయాన్ని సున్నా చేసేస్తారు. దయచేసి అట్లా చెయ్యకు. చిల్లర లేనప్పుడు బస్సు కండక్టర్ టికెట్ వెనక బాకీ రాసిస్తాడు, దిగేముందు అడిగి తీసుకుంటాం. ఆ రెండు రూపాయలు వదిలేస్తే ఒక్క రోజుకు తెలియదు గానీ రోజూ వదిలితే తెలుస్తుంది. నీ ఆటలో ఎంత పోతుందో చూడు. 144 హెర్ట్జ్‌లో ఒక ఫ్రేమ్ 6.94 మిల్లీసెకన్లు. మూడు ఫ్రేములకు 20.83 అవుతుంది, ఒక టిక్ నడుస్తుంది, 4.17 మిగులుతుంది. అది పారేస్తే ప్రతి టిక్‌కూ మూడు ఫ్రేములు పడతాయి. సెకనుకు 60 టిక్‌లు నడవాల్సిన చోట 48 మాత్రమే నడుస్తాయి. ఖరీదైన లాప్‌టాప్‌లో ఆట నెమ్మదిగా పోతుంది. మిగులును దాచుకుంటే ఒకసారి మూడు ఫ్రేములకు, ఒకసారి రెండు ఫ్రేములకు టిక్ పడుతూ సగటున సెకనుకు 60 నిలుస్తుంది.

కుదుపు గురించి నిన్ను భయపెట్టినవారి మాట కూడా నిజమే. అది ఇక్కడి నుంచే వస్తుంది. పిల్లవాడు సెకనుకు 300 పిక్సెళ్ల చొప్పున పరిగెత్తితే ఒక టిక్‌కు 5 పిక్సెళ్లు. 144 హెర్ట్జ్ తెర మీద ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ వాడి కదలిక 0, 0, 5, 0, 5, 0, 0, 5 అని పోతుంది. లెక్క సరిగ్గా ఉన్నా కన్ను ఒప్పుకోదు. అందరూ ఇక్కడే విసుగొచ్చి మళ్లీ డెల్టా టైమ్‌కు తిరిగిపోతారు. ఇంకొక్క మెట్టు ఎక్కితే చాలు.

ప్రతి టిక్‌కు ముందు పిల్లవాడి స్థానాన్ని పాత స్థానం అని దాచుకో. టిక్ అయ్యాక వచ్చింది కొత్త స్థానం. గీసేటప్పుడు మిగులును టిక్ పొడుగుతో భాగించు. సున్నాకూ ఒకటికీ మధ్య ఒక అంకె వస్తుంది. పాత స్థానానికి, పాతకొత్తల తేడాను ఆ అంకెతో గుణించి కలుపు. పిల్లవాణ్ని అక్కడ గీయి. ఇంటర్‌పొలేషన్ అంటే ఇంతే.

అంకెల్లో చూస్తే దీని అందం తెలుస్తుంది. పాత స్థానం 200, కొత్తది 205, మిగులు 4.17. అంటే పావు వంతు, కాబట్టి 201.25 దగ్గర గీస్తాం. తర్వాతి ఫ్రేమ్‌లో టిక్ లేదు, మిగులు 11.11 అయింది, 203.33 దగ్గర గీస్తాం. ఆ తర్వాతి ఫ్రేమ్‌లో టిక్ పడింది. ఇప్పుడు పాతది 205, కొత్తది 210, మిగులు 1.39, గీసేది 205.42 దగ్గర. తర్వాత 207.5, ఆపైన 209.58. ప్రతి రెండింటి మధ్యా తేడా చూడు: 2.08, 2.08, 2.08, 2.08. టిక్‌లు ఒకసారి రెండు ఫ్రేములకు, ఒకసారి మూడింటికి పడుతున్నా తెర మీద పిల్లవాడు గీత గీసినట్టు సాగిపోతున్నాడు. 300ను 144తో భాగిస్తే వచ్చేది కూడా సరిగ్గా ఇదే. హనుమకొండలో సాయంత్రం క్లాసుకు వచ్చే పిల్లల చేత ఈ పట్టికను నేను చేత్తోనే రాయిస్తాను. కోడ్ తర్వాత. ఒకసారి చేత్తో కూడిన వాళ్లకు ఇది మళ్లీ మరపు రాదు.

దీనికి కట్టాల్సిన ధర ఒకటుంది, దాచను. మనం గీస్తున్న పిల్లవాడు అసలు సమయానికి ఒక టిక్ వెనక ఉంటాడు. నీ ఆటలో 16.67 మిల్లీసెకన్లు. నీ ఆటలాంటివాటికి ఇది మంచి బేరమని నా గట్టి అభిప్రాయం. అది కూడా ఎక్కువనిపిస్తే టిక్‌లను సెకనుకు 120 చెయ్యి, ఆలస్యం 8.33కు దిగుతుంది. ఆలస్యం లేకుండా ముందుకు ఊహించి గీసే ఎక్స్‌ట్రాపొలేషన్ కూడా ఉంది. దాన్ని నీకు సిఫారసు చెయ్యను. పిల్లవాడు గోడకు తగలబోయే ఫ్రేమ్‌లో ఊహ వాణ్ని గోడ లోపల గీస్తుంది, తర్వాతి టిక్‌లో వెనక్కు లాగుతుంది. రాళ్లూ గోడలే నిండిన ఆటలో అది అడుగడుగునా కనిపిస్తుంది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1993లో వచ్చిన డూమ్ ఆట సెకనుకు 35 టిక్‌లతో నడుస్తుంది. ఆటగాడు టిక్ టిక్‌కూ ఏం నొక్కాడో దాని రికార్డింగ్ ఫైల్‌లో ఉంటుంది, దాన్ని తిరిగి నడిపితే అదే ఆట వస్తుంది. ఆ ఆటను ఇప్పటి కంప్యూటర్లకు తెచ్చినవాళ్లు ఆ 35ను కదపలేదు, కదిపితే ఆ రికార్డింగులు చెడిపోతాయి. మధ్యలో ఇంటర్‌పొలేషన్‌తో గీసి నునుపు తెచ్చారు. మైన్‌క్రాఫ్ట్ లెక్కలు సెకనుకు 20 టిక్‌లే, ఒక్కోటి 50 మిల్లీసెకన్లు. అయినా అందులో నడిచే ఆవు తెర మీద సెకనుకు 20 గెంతులు వెయ్యదు, కారణం ఇదే. నువ్వూ రేపు స్కోరు బోర్డు పెడితే, ఎవరి స్కోరు మీదైనా అనుమానం వస్తే, వాళ్లు నొక్కిన మీటల జాబితాను మళ్లీ నడిపి చూసుకోవచ్చు. టిక్ ఒకే పొడుగుంటేనే అది కుదురుతుంది.

నీకు తప్పకుండా ఎదురయ్యేవి ఇంకొన్ని ఉన్నాయి. బ్రౌజర్‌లో ఇంకో ట్యాబ్‌కు పోతే నీ ఆటకు ఫ్రేములు రావడం ఆగిపోతుంది. 40 సెకన్ల తర్వాత తిరిగి వస్తే ఒకేసారి 2400 టిక్‌ల బాకీ మీద పడుతుంది. ల్యాబ్ కంప్యూటర్‌ది ఇంకో రకం కష్టం. ఒక టిక్ నడపడానికే దానికి 20 మిల్లీసెకన్లు పడితే, బాకీ తీర్చేలోపు ఇంకా పెద్ద బాకీ పెరుగుతుంది. చివరకు ఆట బిగుసుకుపోతుంది. అందుకని ఫ్రేమ్ సమయం ఎంత వచ్చినా పావు సెకను మించి జమ చెయ్యకు. అది కూడా మోయలేని కంప్యూటర్ అయితే ఒక ఫ్రేమ్‌లో ఐదు టిక్‌లకు మించి నడపకు, ఆపైన బాకీ ఉంటే మాఫీ చెయ్యి. ముందు చెప్పిన మిగులు సంగతి వేరు. అది రోజువారీ లెక్క, ఇది ఆపద. మరీ నెమ్మది కంప్యూటర్‌లో ఆట నెమ్మదిస్తుంది, అంతేగానీ ఆగిపోదు.

పిల్లవాడు కోట బావిలో పడి మళ్లీ మొదటి చోట లేచినప్పుడు పాత స్థానాన్ని కూడా కొత్త చోటికి మార్చు. లేకపోతే ఒక టిక్ పాటు వాడు బావి నుంచి తోరణం దాకా తెర మీద అడ్డంగా కొట్టుకుపోతూ కనిపిస్తాడు. తిరిగే చక్రాలుంటే కోణం దగ్గర జాగ్రత్త: 350 డిగ్రీల నుంచి 10 డిగ్రీలకు పోవడమంటే 20 డిగ్రీలు ముందుకు, 340 వెనక్కి కాదు.

అన్నిటికన్నా ఎక్కువగా ఆటగాడికి కోపం తెప్పించేది జంప్ మీట. 144 హెర్ట్జ్‌లో సగానికి పైగా ఫ్రేముల్లో టిక్ ఉండదు. ఆ ఫ్రేమ్‌లో నొక్కిన మీటను ఫ్రేమ్ చివర్లో చెరిపేస్తే జంప్ పోయినట్టే. నొక్కాను, ఎగరలేదు అంటారు, వాళ్లు చెప్పేది నిజం. మీట నొక్కిన సంగతిని ఒక టిక్ వచ్చి తీసుకునేదాకా అట్టే ఉంచు. ఒకే ఫ్రేమ్‌లో రెండు టిక్‌లు నడిస్తే మొదటిదే దాన్ని తీసుకోవాలి, రెండోదానికి మిగలకూడదు.

ఇవన్నీ అయ్యాక మీ ఫ్రెండ్ లాప్‌టాప్‌లోనూ జంప్ 95కే వస్తుంది. అయినా 96 దగ్గర గూడు పెట్టడం నాకు నచ్చలేదు. ఒక్క పిక్సెల్ తేడాతో అందనిదాని కోసం ఆటగాడు ఇరవైసార్లు దూకి, తన వేళ్లదే లోపమనుకుంటాడు. 120కి జరుపు. చూడగానే అందదని తెలియాలి.

ప్రశ్న: మేడం, మాది కరీంనగర్, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఖాళీ వేళల్లో యూనిటీ అనే గేమ్ ఇంజన్‌లో చిర్రగోనె (గిల్లీదండా) ఆట చేస్తున్నాను. చిర్ర గాల్లో తిరుగుతూ పోతుంటే కెమెరా వెంట వెళ్తుంది. ఫిజిక్స్ అంతా ఫిక్స్‌డ్ అప్‌డేట్‌లోనే (ఒకే పొడుగున్న టిక్‌లకు నడిచే ఫంక్షన్) ఉంది. అయినా చిర్ర వణుకుతోంది, ఒక్కోసారి వెనక ఉన్న చెట్లు వణుకుతున్నాయి. నా ఫోన్‌లో సెకనుకు 60 ఫ్రేములు నిలకడగా వస్తున్నాయి.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కరీంనగర్

జవాబు: చిర్రగోనె పేరు చూడగానే సంతోషమేసింది. ఈ ఆటను ఫోన్‌లోకి తేవాలనుకున్నందుకు అభినందనలు.

యూనిటీలో మీరు మార్చకపోతే ఫిక్స్‌డ్ టైమ్‌స్టెప్ 0.02 సెకన్లు, అంటే సెకనుకు 50 టిక్‌లు. మీ తెర 60. ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకదానికి కొత్త టిక్ ఉండదు. చిర్ర 12, 12, 12, 12, 12, 0 అన్నట్టు కదులుతుంది. సెకనుకు పదిసార్లు ఆగి కదిలే వస్తువు వణికినట్టే కనిపిస్తుంది. ఫ్రేములు 60 వస్తున్నాయి కదా అని మీరు వేరేచోట వెతుకుతున్నారు గానీ ఆ 60లో పది పాత బొమ్మలే.

చిర్ర రిజిడ్‌బాడీలో, అంటే దాని ఫిజిక్స్ చూసుకునే భాగంలో, ఇంటర్‌పొలేట్ అనే ఎంపిక ఉంది. మొదట అది ఆపేసి ఉంటుంది. చిర్రకు పెట్టండి. ఊరికే పడి ఉన్న రాళ్లకు అక్కర్లేదు. తర్వాత కెమెరా కోడ్‌ను లేట్ అప్‌డేట్‌లోకి (ప్రతి ఫ్రేమ్‌లో మిగతా అప్‌డేట్‌లు అయ్యాక నడిచే ఫంక్షన్) మార్చి, చిర్ర ట్రాన్స్‌ఫార్మ్ స్థానాన్ని, అంటే తెర మీద గీసే స్థానాన్ని చదవండి. రిజిడ్‌బాడీ స్థానాన్ని చదివితే టిక్ దగ్గరి స్థానమే వస్తుంది, నునుపైనది రాదు. మీ చెట్లు వణకడానికి కారణం ఇట్లాంటిదే అయి ఉంటుంది. కెమెరా గెంతుతుంటే దాని మధ్యలో ఉన్న చిర్ర నిలకడగా, ప్రపంచమంతా వణుకుతున్నట్టు కనిపిస్తుంది.

ఇవి రెండూ చేశాక కూడా వణికితే, ఎక్కడో మీరు చిర్ర ట్రాన్స్‌ఫార్మ్‌ను నేరుగా మారుస్తున్నారేమో వెతకండి. అట్లా మార్చిన ప్రతిసారీ ఇంటర్‌పొలేషన్ చెదిరిపోతుంది. బలమో వేగమో ఇచ్చి కదిలించండి. చిర్ర సన్నగా, వేగంగా ఉంటుంది కాబట్టి గోనె కర్రలోంచి దూరిపోవచ్చు. తాకిడి పద్ధతిని కదిలే వస్తువులకు కూడా పనిచేసే కంటిన్యుయస్ రకాల్లో ఒకదానికి మార్చుకోవడం మంచిది.

ప్రశ్న: మేడం గారూ, మా అమ్మాయి ఇంటర్ అయిపోయి సెలవుల్లో గోడోట్ అనే గేమ్ ఇంజన్‌తో గేమ్స్ నేర్చుకుంటోంది. అన్ని తెరల మీద ఆట ఒకేలా కనిపిస్తుందో లేదో చూడాలంటే 144 హెర్ట్జ్ మానిటర్ కావాలంటోంది. కొనడం అవసరమా?
— ఒక తండ్రి, జమ్మికుంట

జవాబు: ఇప్పుడే అవసరం లేదండీ. ఆమె అడిగిన కారణం మాత్రం సరైనది. నేర్చుకునే దశలోనే ఎదుటివాళ్ల తెర గురించి ఆలోచించే పిల్లలు తక్కువ. ఆ ఆలోచనను ఆపవద్దు.

గోడోట్‌లో ఫిజిక్స్ టిక్‌లు మార్చకపోతే సెకనుకు 60. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో దాన్ని 10కి దించి ఆట నడపమనండి. 60 తెర మీద 10 టిక్‌లు అంటే ఒక్కో టిక్‌కు ఆరు ఫ్రేములు. 144 తెర మీద 60 టిక్‌లు నడిపినప్పటి తేడా కన్నా ఇది పెద్దది. ఫిజిక్స్ ఇంటర్‌పొలేషన్ సరిగ్గా ఉంటే బొమ్మలు అప్పుడు కూడా నునుపుగా కదులుతాయి. ఏదైనా ఒక బొమ్మ గెంతుతుంటే తప్పు ఎక్కడుందో కంటికే తెలిసిపోతుంది. అట్లా దించినప్పుడు జంప్ ఎత్తులు, తాకిడులు మారిపోతాయి. వాటిని పట్టించుకోవద్దు, కదలిక ఒక్కటే చూడాలి, చూశాక 60కి పెట్టెయ్యాలి. గోడోట్ 4 వెర్షన్లలో ఇంటర్‌పొలేషన్ ఎంపిక రెండు కొలతల ఆటలకు 4.3లో, మూడు కొలతల ఆటలకు 4.4లో వచ్చింది. ఆమె దగ్గర పాత వెర్షన్ ఉంటే మార్చుకోమనండి. అది మొదట ఆపేసి ఉంటుంది, తానే ఆన్ చెయ్యాలి.

వేగమైన తెర మీద కూడా చూడాలని ఉంటే ఇంట్లో ఫోన్లు చూడండి. 90 లేదా 120 హెర్ట్జ్ ఫోన్ ఎవరి దగ్గరైనా ఉండే ఉంటుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ 60కి మార్చుకునే వీలున్న ఫోన్ అయితే ఇంకా మంచిది. ఒకే ఆటను రెండు వేగాల్లో పక్కపక్కనే పోల్చుకోవచ్చు. మానిటర్ కన్నా ముందు ఆమెకు కావలసింది ఒక నెమ్మదైన పాత కంప్యూటర్. ఎవరైనా తీసేస్తుంటే తెచ్చిపెట్టండి.